నాణెములు త్రవ్విన యంత్రములు

ఈథీరియమను నాణెమును 2015 మొదలు 2022 వరకు "త్రవ్విన" యంత్రములను గూర్చి యిచట కొంత వివరింపనెంచితిమి. ఈ త్రవ్వకమునకు పలుగును పారయు నక్కరలేదు. ఒక లెక్కకు సరిపడు సంఖ్యను ఎడతెగక వెదకి, అందరికంటె ముందు కనుగొన్నవారికి క్రొత్త నాణెములు లభించుచుండెను.

ఇందులకై గ్రాఫిక్స్ కార్డులను ఒక్కొక్క చట్రమున ఆరో యెనిమిదో బిగించి, రైజరులను తీగెలతో ఒకే మదర్‌బోర్డునకు కలిపెడివారు. కార్డొకటికి 125 వాట్లనుకొందము. ఎనిమిదింటికి 1,000 వాట్లు. దినమునకు 24 యూనిట్లు. అట్టి చట్రములు నూరున్న కొట్టమున 2,400 యూనిట్లు! నెలకు నూరు యూనిట్లు వాడు ఇంటికి అది రెండేండ్లు చాలును. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిమియే యగును గాన, నిర్మాతకు గాలియే పెద్ద చింత. ఒకవైపు చల్లగాలి చొరవలెను, వేరొకవైపు వేడిగాలి వెడలవలెను. వెడలినది మరల లోనికి రారాదు.

కొందరు పొదుపునకై రైజరులకు సాటా తీగెలతో విద్యుత్తు నిచ్చిరి. ఆ తీగె కొస 54 వాట్లకే తగినది. రైజరునుండి కార్డు 75 వాట్లవరకు గుంజవచ్చును. కొసలు కరగుటలో వింత యేమి?

నేర్పరుల మార్గము వేరు. ఈ లెక్కకు ముఖ్యము మెమరీ వేగమే యని యెరిగి, దానిని పెంచి, కార్డు నడిమి చిప్పునకు వోల్టేజి తగ్గించిరి. పని తగ్గలేదు, విద్యుత్తు మిగిలెను.

2022 సెప్టెంబరు 15న ఈథీరియము ఈ పద్ధతినే విడిచెను. కార్డులనేకము పాతసామానుల బేరమునకు వచ్చెను.