మీకు తెలుసా? పాతిక ఆకులతో మొదలైన క్యాన్సర్ మందు

● ఎవరూ నీళ్ళు పోయకపోయినా వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు మన మొక్క కాదు. పుట్టిల్లు మడగాస్కర్ దీవి. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్, హాడ్జ్‌కిన్ లింఫోమాకు వాడే విన్‌బ్లాస్టిన్ దాని ఆకుల్లో దొరికినవే.

● ఆ ఆకుల మీద మొదట కన్నుపడింది మాత్రం షుగర్ కోసం. జమైకాలో మధుమేహానికి వాటి కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుంచి ఒక కవర్లో పాతిక ఆకులు కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు వచ్చాయి. ఆయన వాటిని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్‌కు ఇచ్చాడు. కషాయం తాగించినా ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఏకంగా చచ్చిపోయాయి! కారణం వెతికితే, రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయి, ఇన్‌ఫెక్షన్లు సోకాయని తేలింది. ఇంకొకరైతే ఆకులు అవతల పారేసేవారేమో. రాబర్ట్ మాత్రం, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బులకు ఇదే మందు కావచ్చుననుకున్నాడు. రసాయనవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశాడు. విన్‌క్రిస్టిన్ ఇలై లిల్లీ కంపెనీలో బయటపడింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

● కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని నాళికలుంటాయి. ఈ మందులు వాటిని ఏర్పడనివ్వవు. చీలిక సగంలో ఆగి కణం చస్తుంది. అలాంటి నాళికలే నరాల్లోనూ ఉంటాయి. విన్‌క్రిస్టిన్ తీసుకునేవారికి వేళ్ళు తిమ్మిరెక్కేది అందుకే.

● గ్రాము విన్‌క్రిస్టిన్ కావాలంటే సుమారు 2,000 కిలోల ఎండుటాకు కావాలి. పెద్దవారికి ఒక డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటదు. అంటే డోసుకు నాలుగు కిలోల ఎండుటాకన్నమాట. పైగా ఆ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లున్నాయి, విషం కూడా ఉంది. పొద్దున్నే నాలుగాకులు నమలమనే వాట్సాప్ వైద్యులు ఈ లెక్క ఎప్పుడూ వేసినట్టు లేదు.

● మరో క్యాన్సర్ మందుదీ ఆకుల కథే. యూ చెట్టు బెరడులో దొరికిన టాక్సాల్ కోసం బెరడు ఒలిస్తే చెట్టే చచ్చేది. ఫ్రాన్స్‌లో పియర్ పోటియే బృందం యూరప్ యూ ఆకుల్లోని పదార్థం నుంచి టాక్సాల్ లాంటిదే అయిన డోసిటాక్సెల్ తయారుచేసింది. ఆకు మళ్ళీ చిగురిస్తుంది.

● పాలకూరకూ ఈ కథలో చోటుంది. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని రాబట్టారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో దాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. తర్వాత దాని పోలికలతోనే, దాని పనికి అడ్డుపడే మందులూ అక్కడే పుట్టాయి. కణం అసలుదనుకుని నకిలీని పట్టుకుంటుంది, డీఎన్‌ఏ తయారీ ఆగుతుంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్.

● 2022లో శాస్త్రవేత్త జే కీస్లింగ్ బృందం బిళ్ళగన్నేరు పనిని ఈస్టుకు అప్పగించింది. ముప్ఫైకి పైగా రసాయన చర్యలు నడిపి, ఈస్టు విన్‌బ్లాస్టిన్‌కు కావలసిన రెండు భాగాలనూ తయారుచేసింది. వాటిని ప్రయోగశాలలో అతికించారు. లీటరుకు వచ్చింది మైక్రోగ్రాముల్లోనే.