సైకిలు పెడలు - పాదం అమరిక

సైకిలు పెడలు అనగా సైకిలు తొక్కేటప్పుడు పాదాన్ని ఆనించే భాగం. కాలి బలం పెడలు నుండి క్రాంకుకు, క్రాంకు నుండి పళ్ళచక్రానికి, అక్కడి నుండి గొలుసు ద్వారా వెనుక చక్రానికి చేరుతుంది. పెడలు మీద పాదం ఉంచే తీరును బట్టి ప్రయాణం సుఖంగానో, మోకాళ్ళకు, అరికాళ్ళకు బాధాకరంగానో ఉంటుంది.

వైఎస్ఆర్ కడప జిల్లాలో పెన్నానది ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల మధ్య దూరం 20 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 28 అంగుళాల చక్రాలు, ముందు 44, వెనుక 18 పళ్ళు గల సాధారణ సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు 5.5 మీటర్లు ముందుకు పోతుంది. ఈ లెక్కన 20 కిలోమీటర్లకు ఒక్కొక్క మోకాలు 3,600 సార్లకు పైగా వంగి లేస్తుంది. పాదం అమరికలో చిన్న లోపమున్నా అది అన్నిసార్లూ పునరావృతమవుతుంది. నొప్పులకు ముఖ్యకారణం ఇదే.

చరిత్ర

1860వ దశకంలో ఫ్రాన్సులో తయారైన సైకిళ్ళకు పెడళ్ళు ముందు చక్రపు ఇరుసుకే ఉండేవి. 1885లో ఇంగ్లండుకు చెందిన జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలులో పెడళ్ళు రెండు చక్రాల నడుమకు వచ్చి, గొలుసు ద్వారా వెనుక చక్రాన్ని తిప్పాయి. నేటి సైకిళ్ళకు ఇదే మూలం. 1984లో ఫ్రాన్సు దేశపు లుక్ సంస్థ బూటు అడుగుభాగాన్ని పట్టి ఉంచే పెడలును విడుదల చేసింది. మరుసటి సంవత్సరం బెర్నార్డ్ హినాల్ట్ ఇటువంటి పెడళ్ళతో టూర్ ది ఫ్రాన్స్ పందెం గెలిచాడు. ఇవి పందెపు సైకిళ్ళకే ఎక్కువగా వాడబడుతున్నాయి. నిత్యావసరాలకు వాడే సైకిళ్ళకు రబ్బరు లేదా ప్లాస్టిక్ దిమ్మెల పెడళ్ళే ఉంటాయి.

నిర్మాణం

పెడలు మధ్యలో ఇనుప ఇరుసు, దానిపై బేరింగు గుండ్లు ఉంటాయి. అందువలన క్రాంకు ఏ స్థితిలో ఉన్నా పెడలు పాదానికి సమతలంగా నిలుస్తుంది. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు వ్యతిరేక మర ఉంటాయి. తొక్కుతున్నప్పుడు పెడళ్ళు వాటంతట అవి వదులు కాకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పానాను పైవైపు నుండి వెనుక చక్రం దిక్కుకు తిప్పితే రెండు పెడళ్ళూ ఊడుతాయి. కుడి పెడలును ఎడమవైపు బలవంతంగా బిగిస్తే క్రాంకు మర చెడిపోతుంది.

పాదం ఉంచవలసిన చోటు

బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మునిపాదం పెడలు ఇరుసుకు పైన, లేదా ఇరుసుకు కొంచెం ముందుగా ఉండటం చాలామందికి అనుకూలం. పెడలును వేళ్ళతో మాత్రమే నొక్కితే పిక్కలపై భారం పడుతుంది. మడమతో తొక్కితే చీలమండ కదలిక తగ్గుతుంది, పాదం జారే అవకాశం పెరుగుతుంది. బరువు వేసుకొని నిదానంగా పోయేవారు పాదాన్ని కొంత ముందుకు జరిపి తొక్కడం వలన పిక్కలకు శ్రమ తగ్గుతుంది. పాదాలు నడకలో ఎవరికి ఎలా ఉంటాయో పెడలుపై కూడా అలాగే ఉండనివ్వాలి. బలవంతంగా నిటారుగా ఉంచితే మోకాలు మెలిపడుతుంది.

సీటు ఎత్తు

పాదం అమరిక సీటు ఎత్తుపై ఆధారపడి ఉంటుంది. సీటుపై కూర్చొని, పెడలును అడుగుకు తెచ్చి, మడమను దానిపై ఉంచినప్పుడు కాలు నిటారుగా సాగాలి. ఆ పిమ్మట మునిపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది.

* మోకాలి చిప్ప వద్ద నొప్పి: సీటు మరీ తక్కువ ఎత్తులో ఉండటం.
* మోకాలి వెనుక నొప్పి: సీటు మరీ ఎత్తుగా ఉండటం.
* మోకాలి పక్కన నొప్పి: పాదం లోపలికి లేదా బయటికి మెలిపడి ఉండటం, పెడలు ఇరుసు వంగిపోవడం.
* పాదాలకు తిమ్మిరి: చెప్పు అడుగు మరీ పలుచగా ఉండటం, బూటు బిగుతు, ఒకేచోట ఒత్తిడి.

సీటు సరిచేసినా నొప్పి తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

స్థానిక పరిస్థితులు

2016-17లో రాష్ట్ర ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చింది. ఒకే కొలత సైకిలుపై వేర్వేరు ఎత్తుల పిల్లలు కూర్చుంటారు గనుక ఎవరి సీటు వారికి సరిచేయడం అవసరం. సీటు ఎత్తుగా ఉంటే పొట్టివారు వేళ్ళ కొసలతో పెడలును అందుకోవలసి వస్తుంది. ఎదిగే పిల్లలకు ఏటా ఒకసారైనా సీటు ఎత్తు మార్చాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు ఎక్కువ. వానాకాలంలో ఈ మట్టి చెప్పులకు, పెడళ్ళకు అంటుకొని పాదం జారుతుంది. ఎక్కేముందు రెండింటినీ శుభ్రం చేసుకోవాలి. హవాయి చెప్పులకన్నా వెనుక పట్టీ ఉన్న చెప్పులు మేలు. జమ్మలమడుగు నుండి గండికోటకు పోయే దారి వంటి ఎగువ దారులలో, పులివెందుల ప్రాంతపు వేసవి ఎండలలో, మోకాళ్ళను బలవంతపెట్టి తొక్కడం కన్నా కొంతదూరం దిగి నడిపించుకొని పోవడం మంచిది.

అరిగిన రబ్బరు దిమ్మెలు, వదులైన కాటరు పిన్ను, ఎండిపోయిన బేరింగులు పాదాన్ని ఊగేలా చేస్తాయి. వీటిని బాగుచేయించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. మోకాలికి కలిగే నష్టం మాత్రం చాలాకాలం ఉంటుంది.