కంప్యూటర్‌లో రంగుల పోపులపెట్టె

1992 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 3.1ను విడుదల చేసింది. దాని కంట్రోల్ ప్యానెల్‌లో 'కలర్' అన్న బొమ్మ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక జాబితా తెరుచుకునేది. అరిజోనా, బోర్డో, ఓషన్, ఎమరాల్డ్ సిటీ, బ్లాక్ లెదర్ జాకెట్... అన్నీ రంగుల కూర్పుల పేర్లే. వాటిలో 'హాట్ డాగ్ స్టాండ్'ను ఎంచుకుని ఓకే నొక్కితే చాలు, డెస్క్‌టాప్ అంతా నిమ్మపండు పసుపు, విండోల లోపలంతా మిరపపండు ఎరుపు, ఆ ఎరుపు మీద తెల్లటి అక్షరాలు. అప్పటిదాకా తెలుపు, బూడిద రంగుల్లో బుద్ధిగా ఉన్న తెర తిరునాళ్లలో మిఠాయి కొట్టులా మెరిసిపోయేది.

ఆ రంగులు కొందరికి నచ్చాయి, చాలామందికి కళ్లు చెదిరాయి. అసలు విశేషం వేరే ఉంది. ఆ తెర మీద తెరిచి ఉన్న క్యాలిక్యులేటర్, టైపు చేసుకునే ప్రోగ్రాం, లెక్కల పట్టిక అన్నీ ఒకరు రాసినవి కావు. ఒక్కోటి ఒక్కో కంపెనీది. ఒకదానికొకటి ముఖపరిచయం కూడా లేదు. అయినా ఒక్క క్లిక్‌తో అన్నీ ఒకేసారి రంగు మార్చుకున్నాయి. ఎలా?

విండోస్ లోపల ఒక పట్టిక ఉంది. దాన్ని మన వంటింటి పోపులపెట్టెతో పోల్చవచ్చు. 3.1 నాటికి ఆ పెట్టెలో 21 అరలు. ప్రతి అరకూ ఒక పని, ఆ పనిని బట్టి ఒక పేరు: డెస్క్‌టాప్ నేపథ్యం, విండో లోపలి భాగం, విండోలోని అక్షరాలు, మెనూ, వాడుకలో ఉన్న విండో టైటిల్ బార్, వెనక్కి వెళ్లిన విండో టైటిల్ బార్, బటన్ ముఖం, బటన్ నీడ, ఎంచుకున్న మాట వెనక పడే రంగు... ఇలా. చక్కగా రాసిన ప్రోగ్రాం ఎప్పుడూ 'ఇక్కడ తెలుపు పుయ్యి' అనదు. 'విండో లోపలి భాగానికి ఏ రంగు పెట్టారో అది పుయ్యి' అంటుంది. అరలో ఏముందో అడగడానికి 'గెట్‌సిస్‌కలర్' అనే చిన్న ఆదేశం ఉంది. వాడేవారు అరలోని రంగు మార్చగానే, తెరిచి ఉన్న విండోలన్నిటికీ 'రంగులు మారాయి' అని విండోస్ ఒక సందేశం పంపుతుంది. అవి మళ్లీ పెట్టె చూసుకుని తమను తాము కొత్తగా గీసుకుంటాయి.

రంగుకూ దాని పనికీ మధ్య ఇలా గీత గీయడం ఒక్కరోజులో తట్టిన ఊహ కాదు.

1981లో జిరాక్స్ కంపెనీ అమ్మిన 'స్టార్' కంప్యూటర్‌లో డెస్క్‌టాప్, ఫోల్డర్లు, బొమ్మలు అన్నీ ఉన్నాయి కానీ తెర మీద నలుపు తెలుపులే. 1984 జనవరిలో వచ్చిన ఆపిల్ మెకింటాష్ కూడా అంతే. 512 అడ్డం, 342 నిలువు, మొత్తం 1,75,104 చుక్కలు. ప్రతి చుక్కా వెలగాలి, లేదా ఆరిపోవాలి. మధ్యస్థం లేదు. అయినా వాడేవారికి తమ తెర తమదని అనిపించే అవకాశం అందులోనే మొదలైంది. ఆపిల్ డిజైనర్ సూసన్ కేర్ రూపం దిద్దిన కంట్రోల్ ప్యానెల్‌లో ఒక మూల చిన్న గళ్ల చదరం ఉండేది. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్లు. ఒక గడి మీద క్లిక్ చేస్తే అది నలుపవుతుంది, మళ్లీ చేస్తే తెలుపవుతుంది. ఆ 64 గళ్లలో వేసుకున్న నమూనాయే పక్కపక్కన పరుచుకుంటూ డెస్క్‌టాప్ అంతా నిండేది. వాకిట్లో చుక్కల ముగ్గు వేసినట్టు, రంగు లేకుండానే ఎవరి తెరను వాళ్లు తీర్చుకున్నారు.

1985లో వచ్చిన కొమడోర్ కంపెనీ అమిగా కంప్యూటర్‌లో రంగులున్నాయి. దాని డెస్క్‌టాప్ పేరు వర్క్‌బెంచ్. అందులో నాలుగే రంగులు: నీలం, తెలుపు, నలుపు, నారింజ. చాలామంది దాన్ని ఇంట్లో ఉన్న మామూలు టీవీకి తగిలించుకునేవారు కాబట్టి, ఎంత నాసిరకం తెర మీదైనా విడివిడిగా కనిపించే రంగులు కావాల్సి వచ్చాయి. ఆ నాలుగూ నచ్చకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు జారుడు మీటలు ఉండేవి. ఒక్కో మీటకు 16 మెట్లు. మూడూ కలిస్తే 4,096 ఛాయలు. వాటిలోంచి ఏ నాలుగైనా తెచ్చుకోవచ్చు.

కానీ అమిగా అరలకు పేర్లు లేవు, సున్నా నుంచి మూడు దాకా నంబర్లే ఉన్నాయి. ఒక నంబరు రంగు మారిస్తే, ఆ నంబరుతో గీసినవన్నీ కట్టగట్టుకుని మారేవి. అక్షరాలను మాత్రం మార్చి, అదే నంబరుతో గీసిన అంచులను వదిలేయడం కుదరదు. అదే ఏడాది నవంబరులో వచ్చిన మొదటి విండోస్‌లో తెరలోని భాగాలను వాటి పేర్లతో ఎంచుకుని రంగు వేసే ఏర్పాటు కనిపించింది. ఏడేళ్లకు ఆ ఏర్పాటే 21 అరల పెట్టెగా నిలదొక్కుకుంది.

ఆ పెట్టెను దగ్గరగా చూడాలంటే 'కంట్రోల్ డాట్ ఐఎన్ఐ' అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సరిపోయేది. ఒక్కో కూర్పుకు ఒక్కో వరస. కూర్పు పేరు, సమానం గుర్తు, తర్వాత కామాలతో విడదీసిన 21 అంకెలు. అవి పదహారు మూలంగా (హెక్సాడెసిమల్‌లో) రాసినవి, పైగా వరస తిరగేసినవి: ముందు నీలం, తర్వాత పచ్చ, చివర ఎరుపు. అందుకే 'ఎఫ్ఎఫ్' అని రెండక్షరాలే ఉంటే అచ్చమైన ఎరుపు, 'ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్' అని నాలుగుంటే ఎరుపు, పచ్చ కలిసిన పసుపు. తెర మీద కాంతులు కలిసే తీరు అది, కుంచెతో కలిపే రంగుల లెక్క అక్కడ చెల్లదు. హాట్ డాగ్ స్టాండ్ వరసలో మొదటి అర నాలుగు ఎఫ్‌లు, మూడో అర రెండు ఎఫ్‌లు. పసుపు డెస్క్‌టాప్, ఎర్రటి విండో అక్కడే పుట్టాయి.

ఆ జాబితాలోని కూర్పులన్నీ సరదాకు పెట్టినవి కావు. ల్యాప్‌టాప్‌ల మసక ఎల్‌సీడీ తెరల కోసం ప్రత్యేకంగా మూడు ఉన్నాయి. 'ప్లాస్మా పవర్ సేవర్' అని మరొకటి ఉంది. ఆనాటి కొన్ని కంప్యూటర్లలో వాయువును వెలిగించే ప్లాస్మా తెరలు వాడేవారు. వెలిగిన ప్రతి చుక్కా కరెంటు తాగుతుంది కాబట్టి విండోలను నల్లగా ఉంచింది ఆ కూర్పు. నేటి ఓఎల్ఈడీ తెరల మీద డార్క్ మోడ్ కరెంటు ఆదా చేసేది కూడా ఈ కారణంగానే: అక్కడా ప్రతి చుక్క తన వెలుగు తనే ఇస్తుంది, నలుపైతే ఆరిపోతుంది.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చేసరికి అరలు 25 అయ్యాయి. దాని డెస్క్‌టాప్ నీలం, పచ్చ కలిసిన నెమలికంఠం ఛాయ. ఎరుపు 0, పచ్చ 128, నీలం 128. నాటి 16 రంగుల తెరల్లో ఉన్న రంగుల్లోనే ఇదీ ఒకటి, అందువల్ల రెండు రంగుల చుక్కలు కలిపి చల్లే పని లేకుండా నున్నగా పరుచుకునేది. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ తెరిచి పెళ్లి శుభలేఖలు కూర్చినవారిలో ఎందరికో కంప్యూటర్ అనగానే ఆ రంగే గుర్తొస్తుంది.

విండోస్ 95లోనే 'హై కాంట్రాస్ట్' కూర్పులు కూడా వచ్చాయి. రంగుల పెట్టె అలంకారం దాటి అవసరమైన చోటు ఇదే. చూపు మందగించినవారికి, తెల్లటి తెర వెలుగును కళ్లు భరించలేనివారికి నల్లటి నేపథ్యం మీద పసుపు అక్షరాలుంటే చదవడం సులువవుతుంది. దీన్ని కొలిచే లెక్క కూడా ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లో ఖరారు చేసిన సూత్రం ప్రకారం తెలుపు మీద నలుపుకు కాంట్రాస్ట్ నిష్పత్తి 21. మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. నలుపు మీద అచ్చమైన పసుపుకు 19.5 దాటుతుంది. హాట్ డాగ్ స్టాండ్‌లోని ఎరుపు మీద తెలుపుకు వచ్చేది నాలుగే.

అయితే పోపులపెట్టె ఎంత పొందిగ్గా సర్దినా, వండేవారు దాన్ని ముట్టకపోతే ఏం లాభం? నేపథ్యాన్ని పెట్టెలోంచి తీసుకుని, అక్షరాలకు మాత్రం 'నలుపే' అని రాసి పెట్టిన ప్రోగ్రాములు చాలానే ఉండేవి. ప్రోగ్రాం రాసినవారి తెర మీద తెలుపు నేపథ్యం కాబట్టి వారికి తప్పు కనిపించేది కాదు. హై కాంట్రాస్ట్ పెట్టుకున్న మనిషికి మాత్రం నలుపు మీద నలుపు. అక్షరాలు ఉన్నాయి, చదవడానికి లేవు. ఒక్క వరస అజాగ్రత్తగా రాస్తే ఒక మనిషి చేతిలోంచి పనిముట్టే జారిపోతుంది.

2001లో ఈ పెట్టె ప్రాభవం తగ్గడం మొదలైంది. విండోస్ ఎక్స్‌పీ బటన్లను ముందే గీసిన బొమ్మలతో నింపింది. బొమ్మకు అరల రంగు అంటదు కాబట్టి నీలం, ఆలివ్, వెండి అనే మూడు కూర్పులు ఇచ్చి సరిపెట్టింది. అదే ఏడాది వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌లో రెండే: నీలం, లేదా గ్రాఫైట్ బూడిద. ఫోటోలు దిద్దేవారికి ఆ బూడిద చాలా అవసరం. ఒక రంగు పక్కనున్న రంగును బట్టి కంటికి వేరుగా తోస్తుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే పుస్తకం రాశాడు. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని చూసిన మనిషి ఆయన. మెరిసే నీలం బటన్ల పక్కన పెట్టిన ఫోటోలో చర్మపు ఛాయ సరిచేయబోతే కన్ను మోసపోతుంది.

విండోస్ 7 దాకా పాత 'క్లాసిక్' రూపం ఎంచుకుని ప్రతి అరనూ నింపుకునే వీలుండేది. 2012లో విండోస్ 8 దాన్ని తీసేసింది. లినక్స్ మీద నడిచే కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లో మాత్రం విండో, బటన్, ఎంపిక, టైటిల్ బార్ అన్నిటి రంగులనూ ఈనాటికీ విడివిడిగా దిద్దుకోవచ్చు.

ఇంతలో డార్క్ మోడ్ వచ్చింది. 2016 ఆగస్టు అప్‌డేట్‌తో విండోస్ 10లో, 2018 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ మొహావేలో. దాంతో ప్రోగ్రాములు రాసేవారంతా పాత ప్రశ్నకే తిరిగొచ్చారు: ఇక్కడ తెలుపు పుయ్యాలా, లేక వాడేవారు ఏం పెట్టుకున్నారో అడగాలా?

2021లో వచ్చిన విండోస్ 11లో అక్వాటిక్, డెసర్ట్, డస్క్, నైట్ స్కై అని నాలుగు కాంట్రాస్ట్ థీములున్నాయి. చూపు అవసరం ఉన్నవారు అక్కడ అక్షరాలు, లింకులు, నేపథ్యం, బటన్ల రంగులను ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. పాత పెట్టె కూడా పోలేదు. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో 'కలర్స్' అనే చోట అరలన్నీ పేర్లతో సహా అలాగే ఉన్నాయి. వాటిలో 'హైలైట్' అనే అరను విండోస్ 3.1 రోజుల్లో ఇంగ్లిషు అక్షరాలు కుదించి రాశారు. ఆ పొట్టి స్పెల్లింగే ఈనాటికీ కొనసాగుతోంది. అందులో ఉండే అంకెలు 0 120 215, ఒక నీలం. వాటిని 255 0 0 చేసి, సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి వస్తే, డెస్క్‌టాప్ మీద మౌస్ నొక్కి లాగినప్పుడు గీసుకునే పెట్టె అంచు నీలంగా ఉండదు. మిరపపండు ఎరుపులో కనిపిస్తుంది.