వెలుగుకు దారి చూపిన నత్త

లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ గుమ్మటం కింద గుండ్రటి వసారా ఒకటుంది. గోడ దగ్గర నోరు పెట్టి గుసగుసలాడితే, ఆ మాట గోడ వెంటే పాకి అవతలి వైపు చెవి ఆనించిన వారికి వినబడుతుంది. ఆ కిటుకు విప్పింది లార్డ్ రేలీ. 1921లో అక్కడికి వెళ్లిన మన సి.వి. రామన్ కూడా ప్రయోగాలు చేయకుండా ఊరుకోలేదు.

వెలుగూ అలాగే పాకగలదు, అద్దాలు అక్కర్లేదు. పదార్థం లోపలి నుంచి అంచును బాగా ఏటవాలుగా తాకితే చాలు, మళ్లీ లోపలికే మళ్లుతుంది. 1992లో బెల్ ల్యాబ్స్ బృందం కొద్ది మైక్రాన్ల సెమీకండక్టర్ బిళ్లను సన్నటి కాడ మీద పుట్టగొడుగులా నిలబెట్టి లేజర్ చేసింది. అందులో వెలుగు గానుగెద్దులా అంచు వెంటే తిరుగుతుంది.

చిక్కల్లా దాన్ని బయటికి రప్పించడమే. గుండ్రటి బిళ్లకు అన్ని దిక్కులూ ఒకటే. కారే ఆ కాస్త వెలుగూ చుట్టూ సమానంగా చెదిరిపోతుంది. అలాంటి లేజర్ ఎవరికి పనికొస్తుంది?

గుండ్రాన్ని చెడగొడితే? 1997లో యేల్‌కు చెందిన నోకెల్, స్టోన్ ఆ లెక్క తేల్చారు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో క్లెయిర్ గ్మాకల్, ఫెడెరికో కాపాసో బృందం నొక్కిన బిళ్లతో క్వాంటమ్ క్యాస్కేడ్ లేజర్ చేసింది. లోపల వెలుగు ఢమరుకం ఆకారపు బాట పట్టింది. గుండ్రటి బిళ్ల కంటే వెయ్యి రెట్ల దాకా ఎక్కువ శక్తి బయటికొచ్చింది. కానీ ఒక వైపుకి కాదు, నాలుగు వైపులకి. పైగా వెలుగు లోపల ఎక్కువ సేపు నిలవదు.

2008లో జర్మనీ నుంచి వియెర్సిగ్, హెంట్షెల్ సూచించిన ఆకారం లిమసోన్. ఫ్రెంచిలో ఆ మాటకు నత్త అని అర్థం. గణితంలో ఈ వంపురేఖకు బ్లేజ్ పాస్కల్ తండ్రి పేరుంది. కొడుకు కీర్తి చాటున తండ్రికి మిగిలిన వాటా అదేనేమో! వెలుగు అంచు వెంటే చాలాసేపు తిరుగుతూ, కొంచెం కొంచెంగా లోపలి గజిబిజి బాటల్లోకి జారుతుంది. అయితే చేలో ఏ మూల కురిసిన నీరైనా తూము దగ్గరికే చేరినట్టు, ఆ కిరణాలు ఎక్కడ మొదలైనా బయటపడేది దాదాపు ఒకే దిక్కుకి. మరుసటి ఏడాదే ప్రయోగాల్లో ఇది రుజువైంది.

పక్కలకు చెదరడం ఇలా అదుపులోకొచ్చింది. బిళ్ల మరీ పలుచన కాబట్టి, పైకీ కిందికీ మాత్రం వెలుగు ఇంకా విసనకర్రలా విచ్చుకుంటూనే ఉంది.