కడుపునొప్పులన్నీ ‘గ్యాస్’ కావు

పొట్టలో ఏ బాధ కలిగినా ‘గ్యాస్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుని, దుకాణంలో మాత్ర కొని మ్రింగడం మన గ్రామాలలో పరిపాటి. అయితే జీర్ణకోశంలో ఒక్కొక్క భాగానికి వచ్చే వ్యాధి వేరు, దాని కారణం వేరు. కారణమెరుగని చికిత్స బాధను కప్పిపుచ్చుతుందే గాని వ్యాధిని తొలగించదు.

ఛాతీమంట: అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట కవాటం వంటి కండరం ఉంటుంది. అది సడలితే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని మంట పుట్టిస్తుంది. స్థూలకాయం, పొగాకు, మద్యం, భుజించిన వెంటనే పడుకోవడం ఇందుకు దోహదం చేస్తాయి. రాత్రి భోజనానికి, నిద్రకు నడుమ 2, 3 గంటల వ్యవధి ఉండాలి.

అల్సర్: కారం తినడం వల్లనే కడుపులో పుండు పడుతుందని మనవారి నమ్మకం. కారం మంటను పెంచవచ్చు. పుండుకు ప్రధాన కారణం మాత్రం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే వైద్యులు 1982లో దీనిని కనుగొన్నారు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే త్రాగి, జీర్ణాశయంలో వాపు తెచ్చుకుని తమ వాదానికి బలం చేకూర్చారు. 2005లో వారిరువురికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమికి వైద్యుడు వ్రాసిన మందులను, మంట తగ్గినదని మధ్యలో మానక, పూర్తిగా వాడాలి. అల్సర్‌కు రెండవ కారణం నొప్పి మాత్రలు. పొలం పని చేసి వచ్చి, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వంటివి తరచుగా మ్రింగేవారు ఈ సంగతి గమనించాలి.

విరేచనాలు: కలుషిత జలం, ఈగలు వాలిన ఆహారం, కడుగని చేతులు వీటికి మూలం. పసిపిల్లలలో రోటా వైరస్ ముఖ్య కారణం. శరీరంలోని నీరు, లవణాలు హరించుకుపోవడమే ప్రాణాపాయం. పెద్ద ఓఆర్ఎస్ పొట్లాన్ని ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. తల్లిపాలు ఆపరాదు. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా సహా నాలుగు రాష్ట్రాలలో మొదలైన రోటా టీకా నేడు దేశమంతటా 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా లభిస్తున్నది.

మలబద్ధకం: పీచు పదార్థం, నీరు చాలకపోవడం, నడక లేకపోవడం, మలవిసర్జనను ఆపుకోవడం దీనికి కారణాలు. రాగిసంగటి, జొన్నరొట్టె, ఆకుకూరలు మేలు చేస్తాయి.

పొరుగు భాషలో వైద్యం పొందే మనకు బాధను సరిగా చెప్పడమూ అవసరమే. ఛాతీమంటను కన్నడంలో ‘ఎదె ఉరి’ అని, తమిళంలో ‘నెంజెరిచ్చల్’ అని అంటారు. కడుపునొప్పి కన్నడంలో ‘హొట్టె నోవు’, తమిళంలో ‘వయిత్తు వలి’. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, భోజనానికి ముందా తరువాతా అన్నది కూడా చెప్పాలి.

తారు వలె నల్లని మలం, రక్తపు వాంతి, మ్రింగుడు పడకపోవడం, అకారణంగా బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీమంటతో చెమటలు, ఎడమచేయి నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చును. మాత్రలతో కాలయాపన చేయరాదు.