మూత మూసినా ఆగని లాప్‌టాప్

మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోతుందని అందరికీ తెలుసు. అయితే అది యంత్రం స్వభావం కాదనీ, ముందుగా పెట్టిన ఒక ఏర్పాటేననీ, దాన్ని మనమే మార్చుకోవచ్చనీ తెలిసినవారు తక్కువ. పిల్లల చదువుకు అక్కరకొచ్చే విషయం కనుక ఇక్కడ వివరిస్తున్నాం.

కువైట్, దుబాయ్ వంటి చోట్ల పనిచేసే బంధువులు తాము వాడిన లాప్‌టాప్‌ను పిల్లలకు ఇచ్చి వెళ్లడం కోనసీమ, నరసాపురం ప్రాంతాల్లో చూస్తుంటాం. మీటల మీద అరబ్బీ అక్షరాలు కూడా ఉండే ఈ లాప్‌టాప్‌లలో కొన్నింటికి తెర పాడై ఉంటుంది. కొత్త తెర వేయించాలంటే వేలల్లో ఖర్చు. అందుకని దాన్ని బీరువా మీద పడేస్తారు. నిజానికి లోపలి భాగాలు బాగుంటే, ఇంట్లోని టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి, విడి కీబోర్డు, మౌస్ పెట్టి, మూత మూసి చక్కగా వాడుకోవచ్చు.

మూత మూసినట్టు లాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుంది? చాలా లాప్‌టాప్‌ల మూత అంచులో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. 1879లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ కనుగొన్న సూత్రంపై ఈ సెన్సర్ పనిచేస్తుంది. అయస్కాంతం దగ్గరకు రాగానే సెన్సర్ కబురు పంపుతుంది. ఆ కబురు అందాక ఏం చేయాలన్నది విండోస్‌లో మనం పెట్టుకున్న సెట్టింగును బట్టి ఉంటుంది.

ఆ సెట్టింగు మార్చే పద్ధతి ఇది. ముందు మూత తెరిచే ఉంచి టీవీకి కలపండి. టీవీ రిమోట్‌తో హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. బొమ్మ రాకపోతే విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి చూడండి. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్కన 'చూజ్ వాట్ క్లోజింగ్ ది లిడ్ డజ్' అన్నదాన్ని నొక్కండి. అక్కడ 'ఆన్ బ్యాటరీ', 'ప్లగ్డ్ ఇన్' అని రెండు వరుసలుంటాయి. మూతకు సంబంధించిన గడిలో, ప్లగ్డ్ ఇన్ కింద మాత్రమే 'డూ నథింగ్' పెట్టి, 'సేవ్ చేంజెస్' నొక్కండి. బ్యాటరీ కింద 'స్లీప్' అలాగే ఉండనివ్వండి. ఇంతటితో సరిపోదు. కొంతసేపు ఎవరూ ముట్టకపోతే నిద్రపోయే గడువు వేరే ఉంటుంది. పెద్ద పాఠాల వీడియోలు దిగుమతి అవుతుంటే ఆ గడువును కూడా పెంచుకోవాలి.

యాపిల్ మాక్‌బుక్ అయితే ఛార్జర్, బయటి తెర, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి ఉన్నప్పుడు మూత మూసినా పనిచేస్తుంది.

ఇక జాగ్రత్తలు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి. కొన్ని లాప్‌టాప్‌లలో వేడి కీబోర్డు వైపు నుంచి కూడా బయటికి పోతుంది. మూత మూస్తే ఆ దారి తగ్గుతుంది. కాబట్టి చెక్కబల్ల మీద, గాలి ఆడేచోట ఉంచాలి. పరుపు మీద, గుడ్డ కింద వద్దు. పనిచేస్తున్న లాప్‌టాప్‌ను ఎప్పుడూ సంచిలో పెట్టకూడదు. మూత మూసి ఉంది కదా, ఆగిపోయిందిలే అనుకోవడానికి ఇక వీల్లేదు. షట్‌డౌన్ చేసి, దీపం ఆరి, ఫ్యాన్ చప్పుడు ఆగాకే సర్దాలి. పాత లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉబ్బి మౌస్ పలక పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా వెంటనే వాడకం ఆపి, మెకానిక్‌కు చూపించాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం ప్రమాదం, అంటుకోవచ్చు.

కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది గాని, లాప్‌టాప్ బ్యాటరీ మీద కొంతసేపు నిలవవచ్చు. అయినా పాత బ్యాటరీని నమ్ముకోకుండా, రాసింది ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవడం పిల్లలకు అలవాటు చేయాలి. బల్ల దగ్గర నుంచి లేచేటప్పుడు విండోస్ మీటతో 'ఎల్' నొక్కి తాళం వేయడం కూడా నేర్పాలి. మూత మూయడమే తాళం అనే పాత లెక్క ఇక్కడ చెల్లదు.

తెర పాడైన లాప్‌టాప్ మీ ఇంట్లో మూలన పడి ఉంటే, పాతసామాన్ల బండికి వేసే ముందు ఒక్కసారి టీవీకి కలిపి చూడండి. మీకు అక్కరలేకపోతే, మీ సొంత ఫైళ్లు తీసేసి, ఛార్జర్‌తో సహా చదువుకునే బిడ్డకు ఇవ్వండి. వాడే పద్ధతి, ఆపే పద్ధతి రెండూ చెప్పి ఇవ్వండి. ఇంటర్ చదివే పిల్లకు ఫోను చిన్న తెర మీద కళ్లు చికిలించే బాధ తప్పుతుంది.