మీకు తెలుసా? తెగింపుకు రష్యన్ మాట

ఇంగ్లిష్ 'డెస్పరేట్' లాటిన్ నుంచి వచ్చింది. మూలార్థం ఆశ వదులుకోవడం. రష్యన్‌లో దీనికి ఎక్కువగా 'అత్చాయన్నీ' అంటారు. తమాషా ఏమిటంటే, ఆ మాటకు నిస్పృహలో మునిగిన అనీ, ప్రాణానికి తెగించిన అనీ రెండర్థాలూ ఉన్నాయి. కర్నూలు జిల్లా కౌతాళం రైతుకు ఇది వింతేమీ కాదు. వాన మొహం చాటేసినా అప్పు తెచ్చి మళ్లీ పత్తి విత్తేవాణ్ణి మనమూ 'తెగించాడు' అనే అంటాం. అదీ ఎండిపోతే సుగ్గికి, అంటే కూలి పనులకు, గుంటూరు వైపు వలస!

రోగం కుదరదని వైద్యుడు పెదవి విరిస్తే మాత్రం రష్యన్లు 'బెజ్‌నద్యోజ్నీ' వాడతారు. 'బెజ్' అంటే లేకుండా, 'నదేజ్దా' అంటే ఆశ. లెనిన్ భార్య క్రూప్‌స్కాయ పేరు కూడా నదేజ్దాయే. మన ఊళ్లలో ఆశ అనే పేరున్న ఆడపిల్లలు లేరూ?